సున్నం కింద ఇల్లు

ఇప్పుడైతే వార్త రాసేటప్పుడు ఇద్దరు చెబితే తప్ప నమ్మను. దీనికి సాక్షిని నేనొక్కడినే. అయినా ఇది జరిగింది. నమ్మకపోతే మీ ఇష్టం... మా ఇంటి గోడ ఇప్పటికీ అలాగే ఉంది.

అప్పుడు పాడేరులో విలేకరిని. ఘాట్ రోడ్డు మలుపులో సంతకి వెళ్తున్న జీపు లోయలో పడి నలుగురు పోయారు. కొన్నాళ్ళకి ఆ మలుపులోని కాంక్రీటు గోడకి ఎవరో ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండితో బొమ్మలు వేశారని ఫోన్ వచ్చింది. ‘సర్కారు గోడపై పిచ్చిగీతలు’ అని రాసి పంపేశాను. వెళ్ళి చూడలేదు.

పేపర్లో వచ్చిన మర్నాడు సుక్కి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. సవర మనిషి. సీతంపేట కొండల నుంచి కాఫీ తోటల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆ నలుగురిలో ఆమె కూతురు ఒకతి.

“సూసి రాసినావా బాబూ?” అంది.

లేదన్నాను.

“అది సచ్చిపోయినోళ్ల ఇల్లు. మా కాడ గోడ మీద గీసి, అందులో ఉండమంటాం. నేకపోతే తిరుగుతారు. సెరపాలంటే ముందు అన్నం పెట్టి, సారా పోసి, వేరే గోడ సూపించాలి. నువ్వు రాసినాక సర్కారోళ్లు సున్నం ఏసేత్తారంట... ఆపమని రాయి బాబూ, బేగి.”

రాస్తానన్నాను. ముందు చూద్దామని ఆ సాయంత్రమే బండి తీశాను. చలికాలం. ఆరున్నరకే చీకటి, మంచు.

హెడ్‌లైటు వెలుగులో... తెల్లటి గోడ. అప్పటికే వేసేశారు. పచ్చి సున్నం వాసన. ఒక మూల మాత్రం వదిలేశారు, జానెడు. నమిలిన వెదురుపుల్లతో గీసిన గీతలు... వెంట్రుకంత సన్నం, ఎక్కడా వణుకు లేదు. ఒక దువ్వెన, ఒక రిబ్బను, పక్కన జడ వేసుకున్న పిల్ల. పట్నంలో చట్రం కట్టి వేలాడదీస్తే టికెట్టు కొని చూసేవాణ్ణి. రోడ్డు పక్కన ఉంది కనుక పిచ్చిగీతలన్నాను.

ఇంజను ఆపి ఫొటో తీశాను. అప్పుడు వినిపించింది... గర్... గర్... సున్నం వెనక నుంచి పుల్లతో గీకుతున్నట్టు. ఆగింది. మళ్ళీ...

బండెక్కి కిక్కు కొట్టాను. వెనక సీటు కుంగింది. మెల్లగా. కాసేపటికి ఇంకోసారి. ఇంకోసారి... స్ప్రింగు కీచుమంది.

వెనక్కి తిరగలేదు. ఇంటి దాకా ఫస్టు గేరే.

ఇంటి ముందు ఆగగానే తేలికయింది. టైర్లు నొక్కి చూశాను. గాలి సరిగానే ఉంది.

తెల్లారి సుక్కిని పిలిపించి, సున్నం వేసేశారని చెప్పాను. మా గోడ తీసుకోమన్నాను. బండి సంగతి చెప్పలేదు. ఆమె మట్టి పూసి, అన్నం పెట్టి, సారా పోసి, గోడ ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత చతురస్రం గీసింది. అందులో ఒక మనిషి. ఇంకొకరు. మూడో మనిషి. పుల్ల పక్కన పెట్టేసింది.

నాలుగోది ఏదని అడిగాను.

“ముగ్గురే వొచ్చినారు,” అంది. “నా కూతురు గుంట రానేదు.”

నాకు సున్నం పడని ఆ మూల, జడ వేసుకున్న పిల్ల బొమ్మ గుర్తొచ్చాయి. బండి మీద మలుపు దగ్గరికి దూసుకెళ్ళాను. ఆ మూల కూడా తెల్లగా ఉంది. సున్నం ఇంకా కారుతోంది.

స్ప్రింగు పాతదే కావచ్చు. మంచులో చెవులు మోసం చేసి ఉండొచ్చు. తెలియదు. మా గోడ మీద ముగ్గురి పక్కన ఖాళీ అలాగే ఉంది. ఆ మలుపు దాటినప్పుడల్లా బండి ఆపుతాను. వెనక సీటులో ఎవరినీ ఎక్కించుకోను. కాసేపు ఎదురుచూస్తాను...

ఇంతవరకు కుంగలేదు.