చామంతి మీద దొంగ మంచు

ఈ రోజు పొద్దున పాతబస్తీ నుంచి పదిమందిని ఊరి బయట చామంతి తోటకు తీసుకెళ్లి, పూల ఫొటోలు తీయడం నేర్పించాను. తెచ్చుకోవాల్సిన వాటిలో స్ప్రే బాటిల్ కూడా రాసింది నేనే. నీళ్లు కొడితే పూలు మంచు పడినట్టు మెరుస్తాయి. చార్మినార్ దగ్గర మా నాన్న పూల దుకాణంలో దండల మీద నీళ్లు చల్లుతూ పెరిగినదాన్ని, ఇందులో తప్పేముందనుకున్నాను.

నేను బాటిల్ ఎత్తగానే, తోటలో పూలు కోసే ఎల్లమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. “నీళ్లు కొట్టకు బిడ్డా. తడిపూలు సంచిలేస్తే మార్కెట్‌కు పోయేసరికి నల్లగైతయి. గందుకే మేం మంచు ఆరినంకనే కోస్తం.”

బాటిళ్లన్నీ లోపల పెట్టేయమన్నాను. పెద్ద కెమెరా తెచ్చిన ఒకాయన మాత్రం వినలేదు. “ఫొటోలు తీసేటోళ్లందరూ కొడుతరు మేడం. రెండు చుక్కలకు ఏమైతది?”

“మీకేం కాదు సార్. ఆమె సంచి మొత్తం ఖరాబైతది” అని ఆయన బాటిల్ తీసుకుని, మూత విప్పి, నీళ్లన్నీ మొక్క మొదట్లో పోశాను.

ఆయన అలిగి మధ్యలోనే వెళ్లిపోయారు. వెళ్లనీ.

ఒక్క చుక్క కూడా లేని నా చామంతి ఫొటో కింద పెట్టాను. అందం తగ్గిందనిపిస్తే చెప్పండి, వింటాను. నీళ్లు మాత్రం కొట్టను.