రివాల్వర్ మీద మామిడిపిందె

కబురు మొదట తెచ్చింది మా కంగారు బాబాయి. (అసలు పేరు వేరే ఉంది. కానీ సైకిలుకి స్టాండు కూడా వేయకుండా కేకేసుకుంటూ లోపలికొచ్చే మనిషిని ఇంకేమని పిలుస్తాం?) ఆ రోజుల్లో మా యానాంలో ఏ ఇంటి సంగతైనా వీధి చివరికి చేరాలంటే ఫోను అక్కర్లేదు, బాబాయి ఉంటే చాలు. "నాన్నగారూ, మన రివాల్వర్ చూడ్డానికి పాండిచ్చేరి నుంచి పెద్దాయన వస్తున్నారండీ, శుక్రవారం!" అన్నాడు. వరండాలో కూర్చున్న తాతయ్య మొహం వెలిగిపోయింది. తలుపు వెనక పులుసుకి చింతపండు పిసుకుతున్న నా చెయ్యి మాత్రం గిన్నెలోనే ఉండిపోయింది.

ఆ రివాల్వర్ ఫ్రెంచి వాళ్ళ హయాం నాటిది. తాతయ్య కుర్రతనంలో కచేరీలో పనిచేసేవారట. ఊరు వదిలి వెళ్ళిపోతూ ఒక దొర ఇచ్చి వెళ్ళాడట. తాతయ్య దాంతో పిట్టనైనా కొట్టి ఎరగరు. దసరాకొకసారి పెట్టెలోంచి తీసి, తుడిచి, బొట్టు పెట్టి, నమస్కారం చేసి, లైసెన్సు పుస్తకంతో సహా మళ్ళీ లోపల పెట్టేసేవారు. ఇప్పుడు కళ్ళు మసకబారాయి, లైసెన్సు వదులుకోవాలి. ఇలాంటివి దాచుకునే అనుమతి ఉన్నవాళ్ళు కొనుక్కుంటే సరే, లేదంటే ప్రభుత్వానికి అప్పగించాలి. అలా అప్పగించినవాటిని కరిగించేస్తారని బాబాయి ఎక్కడో విన్నాడు. "కొలిమిలోకి మాత్రం పోకూడదే అమ్మడూ. ఎవరింట్లోనో అద్దాల బీరువాలో ఉందంటే నాకదే చాలు," అనేవారు తాతయ్య. అన్నం కూడా సరిగ్గా తినేవారు కాదు ఆ బెంగతో.

నా బెంగ వేరు. దానికి కారణం ముందు ఏడాది వచ్చిన ఎన్నికలు. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ తీసుకెళ్ళి స్టేషన్లో పెట్టాలి, అయ్యాక తెచ్చుకోవాలి. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. బడి గుమ్మం తొక్కలేదు. (చిన్నప్పుడు కాలికి జబ్బు చేస్తే అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆవిడ దయ, ఆ పైవాడి దయ.) ఆ ఇంటి చదువులో నాకు బాగా వంటబట్టిన పాఠం ఒకటుంది: గడప దాటే ప్రతి వస్తువు మీదా పేరుండాలి. మెట్టకూరులో పెళ్ళికని పట్టుకెళ్ళిన మా ఇత్తడి గంగాళం తిరిగొచ్చిందంటే దాని అంచున పేరుండబట్టే. పేరు కొట్టించని గరిటె అటే పోయింది. మరి స్టేషన్లో అన్ని తుపాకుల మధ్య మనది మారిపోతే?

తాతయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, రివాల్వర్‌ని పసుపుగుడ్డలో చుట్టి, వైరు బుట్టలో నాలుగు స్టీలు గిన్నెల కింద పెట్టి, పాత్రల కొట్టు ముందు పీటేసుకుని పేర్లు కొట్టే చుక్కల మావయ్య దగ్గరికి వెళ్ళాను. (తూటాలు మా ఇంట్లో ఏనాడూ లేవు. అయినా అలా పట్టుకెళ్ళడం నేరమని తర్వాత తెలిసింది. దేవుడు క్షమించే ఉంటాడు. స్టేషన్ వాళ్ళు ఇది చదవకుండా చూసే పని కూడా ఆయనకే వదిలేశాను.) గిన్నెలయ్యాక మావయ్య బుట్ట అడుగున చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయాడు.

"అమ్మా, ఇది గిన్నె కాదు గదా?"

"కాదు మావయ్యా. కానీ ఇనుమే."

"ఆయ్, ఇనుమేలెండి. కాకపోతే గట్టి ఇనుము, ఉలి మొద్దుబారిపోద్ది," అని గొణుక్కుంటూనే, పిడి పక్కనున్న ఇనుప పట్టీ మీద టకటకా చుక్కలు పెట్టేశాడు. తాతయ్య పేరు, పక్కన యానాం, చివర ఒక మామిడిపిందె. "పిందె ఎందుకు మావయ్యా?" అంటే, "అది లేకపోతే నాకు పని పూర్తయినట్టుండదమ్మా," అన్నాడు.

శుక్రవారం ఆ పెద్దాయన వచ్చాడు. పాత తుపాకులు దాచుకునే అనుమతి ఉన్నాయనే. తెల్లచొక్కా, కంటికి భూతద్దం. గొట్టం చూశాడు, కంపెనీ ముద్ర చూశాడు, తలాడించాడు. పిడి దగ్గర ఆగిపోయాడు. ఆయనకి తెలుగు మాట్లాడ్డం కొంచెం వచ్చు, చదవడం రాదు. "ఈ గుర్తు ఏ రెజిమెంట్?" అన్నాడు, మామిడిపిందె మీద వేలు పెట్టి.

బాబాయికీ ఏమీ తెలియదు. అయినా "ఫ్రెంచి రెజిమెంటేనండీ, చాలా పాతది!" అన్నాడు తడుముకోకుండా.

పెద్దాయన కళ్ళు మెరిశాయి. "నేమ్ చెక్కితే మామూలుగా రేటు పడిపోతుంది. ఎవరిదో తెలియని నేమ్ అంటే గీత పడినట్టే. కానీ ఆఫీసర్‌దో రెజిమెంట్‌దో అయి, ప్రూఫ్ ఉంటే, డబుల్!"

తలుపు వెనక నుంచి అంతా వింటున్నాను. నోరు విప్పితే తాతయ్య రివాల్వర్ కొలిమిపాలు. విప్పకపోతే అద్దాల బీరువాలో తాతయ్య పేరు పక్కన ఒక అబద్ధం శాశ్వతంగా కూర్చుంటుంది. స్వామిని తలుచుకుని బయటికొచ్చేశాను.

"అది రెజిమెంట్ కాదండీ. మామిడిపిందె. నేనే కొట్టించాను."

"అమ్మడూ, లోపలికెళ్ళు!" అన్నాడు బాబాయి.

"మ్యాంగో?" అన్నాడు పెద్దాయన. గంగాళం దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ భూతద్దం జారవిడిచాడు. నేను "చెరిపిస్తే పనికొస్తుందాండీ?" అని అడిగాను.

"వద్దు! చెరిపితే ఇనుము అరుగుతుంది, ఇంకా తగ్గుతుంది." లైసెన్సు పుస్తకం తెప్పించి, అందులో పేరు, పట్టీ మీద పేరు ఒకటేనా అని బాబాయి చేత రెండుసార్లు చదివించుకున్నాడు. "రేటు తగ్గిస్తాను. కానీ ఇది చెక్కినతను ఎందుకు చెక్కాడో రాసిస్తే, తీసుకుంటాను. చూసినవాళ్ళు అడుగుతారు కదా!"

బాబాయి సైకిలెక్కి పరుగున వెళ్ళి మావయ్యని తెచ్చాడు. కాగితం ఇస్తే మావయ్య పక్కన పెట్టేశాడు. "నాకు కలం రాదండీ. అక్షరాలన్నీ చుక్కల్లోనే వచ్చు. ఒక పళ్ళెం ఇప్పించండి," అన్నాడు. మా స్టీలు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని టకటకా కొట్టాడు: 'ఈ పేరు నేనే కొట్టాను. స్టేషన్లో మారిపోకుండా మనవరాలు కొట్టించింది.' చివర మామిడిపిందె. పెద్దాయన ఆ పళ్ళేన్ని రివాల్వర్ కన్నా జాగ్రత్తగా గుడ్డలో చుట్టుకున్నాడు.

ఇచ్చే ముందు తాతయ్య ఆ పట్టీని ఒకసారి బొటనవేలితో తడిమారు. "స్టేషన్ నుంచి తెచ్చుకున్న రోజే తెలిసిందే నాకు. కంటికి ఆనలేదుగానీ వేలికి తగిలింది. మనదేనని నమ్మకం కుదిరింది, అందుకే అడగలేదు," అన్నారు. ఆ పూట పప్పుపులుసు రెండుసార్లు వేయించుకున్నారు.

తాతయ్య వెళ్ళిపోయారు, మావయ్యా వెళ్ళిపోయాడు. కొట్టులో ఇప్పుడు మిషను పేర్లు గీస్తోంది, అందంగానే. నేను మాత్రం మొన్న ఆసుపత్రికి పట్టుకెళ్ళే ఫ్లాస్కు మీద కూడా పేరు రాయించుకుని, ఆ వైరు బుట్ట పిల్ల ఇంకా నాలో ఉందే అని నవ్వుకున్నాను. మీ వంటింట్లో ఏ పాతగిన్నె అంచునైనా చుక్కల పేరు, చివర చిన్న మామిడిపిందె కనబడితే, ఒక్క క్షణం మా చుక్కల మావయ్యని తలుచుకోండి.