ఎడమ మూలకు మనిషి

దగ్గరికి జరిగి కూర్చోండి. గడప దగ్గర గాలి కొడుతుంది, ఇటు గోడకు ఆనుకోండి. నేల చల్లగా ఉంటే ఆ గోనెసంచి పరుచుకోండి. నేను చెప్పబోయేది పెద్ద సంగతేమీ కాదు. మా ఊరి మగవాళ్ళు మా అరుగు మీద కూర్చుని కబడ్డీ గురించి వాదించుకున్న సంగతి. నా చదువు అయిదో తరగతితో ఆగింది. చదివింది నిలవలేదు గానీ, విన్నది మాత్రం ఒక్క మాట పోలేదు.

మాది చండ్రుగొండకు అవతల, టేకు చెట్లు మొదలయ్యే చోట ఉన్న ఊరు. ఒక పక్క పత్తి చేలు, ఒక పక్క అడవి. మగవాళ్ళు కొందరు కూలికి పోయేవాళ్ళు, కొందరు షిఫ్టు బస్సెక్కి పాల్వంచలో కరెంటు తయారయ్యే చోట కాంట్రాక్టు పనికి పోయేవాళ్ళు. మా ఆయన బస్సెక్కేవాడు. ఊళ్ళో సగం ఇళ్ళు చర్చికి పోయే ఇళ్ళే. క్రిస్మస్ వారంలో చర్చి వెనక జాగాలో కబడ్డీ పోటీలు పెట్టేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళు వచ్చేవి, అడవి లోపలి గుంపుల నుంచి, గూడేలను మేము అట్లాగే అంటాం, అక్కడి నుంచి కూడా పిల్లలు నడిచి వచ్చేవాళ్ళు. వాళ్ళంటే మా వాళ్ళకు భయం. జింకల్లాగా వచ్చి ముట్టి పోయేవాళ్ళు.

ఆ పోటీల్లో ఒక రూలు ఉండేది. ప్రతి ఊరి టీమూ బయటి ఊరి నుంచి ఇద్దరిని తెచ్చుకోవచ్చు. ఇద్దరే. వాళ్ళకు బస్సు కిరాయి ఇచ్చి, ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టాలి. ఆ ఇద్దరినీ ఏ స్థానానికి తెచ్చుకోవాలన్నదే మా ఊళ్ళో ప్రతి ఏడూ జరిగే యుద్ధం. పత్తి ఏరడం సగమయ్యాక, ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ అన్నాలు తిన్నాక, మా అరుగు మీద మొదలయ్యేది. మా అరుగే ఎందుకంటే, టీముకు పెద్ద మా ఆయన. ఎడమ మూల ఆయనది. పెళ్ళికి ముందు నుంచీ ఆయనదే. ఆయన పక్కన చెయ్యి పట్టుకుని నిలబడేవాడు మా మరిది. మూలన ఉన్నవాడూ పక్కవాడూ చేతులు కలిపే ఆడాలి కదా, ఆ రెండు చేతులూ అన్నదమ్ములవి.

వాదించేవాళ్ళలో సగం మంది జన్మలో గీత లోపల అడుగు పెట్టనివాళ్ళు. అందరికంటే గట్టిగా మాట్లాడేవాడు టైలరు బావ. ఆయనకు ఒక కాలు చిన్నప్పుడే సన్నబడింది. మా అత్త అష్టాచెమ్మా కోసం దాచుకున్న చింతగింజలు తీసుకుని, అరుగు మీద సుద్దతో గీతలు గీసి, ఏడు గింజలు పేర్చి, ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించేవాడు. కుడి మూల కావాలని ఒకరు, నడుమ కావాలని ఒకరు, కూతకు పోయేవాడు కావాలని ఒకరు. ఎడమ మూల సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. దానికి మనిషి ఉన్నాడు.

ఆ ఏడు వానాకాలంలో మా ఆయనకు జ్వరం వచ్చింది. అందరికీ వచ్చే చలిజ్వరమే అనుకున్నాం. అది తలకెక్కింది. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాం. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆయన కాళ్ళ దగ్గర నేను కూర్చున్నాను.

ఏడ్చానా అని అడుగుతారు అందరూ. ఏడ్చే ఉంటాను. అది గుర్తు లేదు. నాకు గుర్తున్నవి వేరే. చర్చివాళ్ళు మా ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థన పెట్టినప్పుడు ఎవరి చెప్పులు ఎక్కడ విడిచారో చెప్పగలను. ఆ తర్వాత పత్తికి పోయాను. పత్తికాయ డొప్పలు ఎండితే ముళ్ళలాగా ఉంటాయి, గోళ్ళ సందుల్లో గీరుకుంటాయి. ఒకరోజు చేనుగల ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఏందే, నెత్తురు కారుతుంటే సోయి లేదా, పత్తికి అంటుతుంది" అంది. చూసుకున్నాను. నిజమే, వేళ్ళ నిండా గీతలు. మంట లేదు. ఎవరివో వేళ్ళలాగా ఉన్నాయి. కొంగుకు తుడుచుకుని మళ్ళీ ఏరాను.

డిసెంబరు వచ్చింది. అందరి ఇళ్ళ ముందు కాగితం నక్షత్రాలు కట్టారు, మేము కట్టలేదు. మగవాళ్ళు మా అరుగు దగ్గరికి రాలేదు. కిరాణా కొట్టు దగ్గర గుమిగూడుతున్నారని, నేను నీళ్ళకు పోతుంటే మాట ఆపేస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. మా అత్తకు చూపు తగ్గింది గానీ చెవులు పాము చెవులు. ఒక ఆదివారం మధ్యాహ్నం టైలరు బావ కాలు ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడు విని మంచంలోనుంచే పిలిచింది.

"ఒరేయ్, ఎటు పోతున్నవ్?"

"ఎటు లేదు చిన్నమ్మా. ఊకెనే."

"ఊకెనే పోయేటోనివి మెల్లగ పోతవ్. జల్దీ పోతున్నవంటే కొట్టు కాడికే. మా అరుగు మీద ముండ్లు మొలిచినయారా?"

"గట్ల కాదు చిన్నమ్మా..."

"నా కొడుకే పోయిండు. అరుగు పోలే. తోలుకరా అందరిని."

వచ్చారు. టైలరు బావ, ఆటో నడిపే మా వరస మరిది ఒకడు, మా మామకు తమ్ముడయ్యే చిన్నమామ, ఇంకా కొందరు వెనక నిలబడ్డారు. మా సొంత మరిది మెట్టు మీద ఒక పక్కగా కూర్చుని వేపపుల్ల చెక్కుతున్నాడు. నేను లోపల పొయ్యి మీద ఛాయ్ పెట్టాను. తడిక సందులోంచి అంతా కనిపిస్తోంది.

ఆటో మరిది మొదలుపెట్టాడు. "నా మాట వినున్రి. మనకు కూతకు పోయేటోళ్ళే లేరు. పోయినేడు గుంపు పిల్లలు మనల్ని కూసోబెట్టి గెలిచిన్రు. ఇద్దరు రైడర్లను తేవాలె. గంతే."

"నీకు రైడర్ల పిచ్చి," అన్నాడు టైలరు బావ. "నీ ఆటో గూడ గంతే, ఉరుకుడే గని ఆగుడు లేదు. నడుమ గట్టిగుండాలె. నడుము లేని అంగీ ఎట్లుంటది?"

"నువ్వు కుట్టిన అంగీలకు నడుము ఏడుంది అన్నా. అన్నీ సంచులే గదా."

వెనక ఒకరిద్దరు నవ్వి, మా తలుపు వైపు చూసి ఆపేశారు.

"పోనియ్యిరి," అన్నాడు చిన్నమామ. "కుడి మూల పిలగానికి మోకాలు నొస్తుందట. కుడి మూలకు ఒకణ్ణి తెద్దాం. ఇగ ఆ..."

అక్కడ ఆగిపోయాడు. కుడి మూల అన్నాక నోరు దానంతటదే రెండో మూలకు పోతుంది కదా. ఆయన గడ్డం గోక్కుంటూ మా చూరు వైపు చూశాడు.

"కుడి మూల పిలగాడు ఆడుతడు," అన్నాడు ఆటో మరిది తొందరగా. "జండూబామ్ రాస్తే అయిపాయె. రైడర్లే కావాలె."

"రైడర్లు పాయింట్లు తెస్తరు, వచ్చినోణ్ణి ఎవడు ఆపుతడురా?"

"ఆపకున్నా ఫరవాలే. వాళ్ళు నాలుగు తీస్తే మనం అయిదు తీస్తం."

"లెక్క నేర్చుకున్నవ్ గని, ఆట నేర్చుకోలే."

అట్లా చాలాసేపు వాదించుకున్నారు. నడుమ, కుడి, కూత, మళ్ళీ నడుమ. గొంతులు పాత గొంతులే, తిట్లు పాత తిట్లే. అయినా అది వాదన కాదు, గుంటను తప్పిస్తూ బండి తోలడం. నాకు కోపం రాలేదు. దుఃఖమూ రాలేదు. నీళ్ళ అడుగున కూర్చుని పైన మనుషులు మాట్లాడుతుంటే విన్నట్టుంది. ఒక్క ఆలోచన మాత్రం వచ్చింది. వీళ్ళు ఆ మూల పేరు ఎత్తకపోతే ఆయన ఇంకా అక్కడే ఉన్నట్టు. ఎత్తకుండా ఉంటే బాగుండునని లోపల ఎక్కడో అనుకున్నాను.

చివరికి ఇద్దరు రైడర్లను తేవాలనే తేలింది. ఛాయ్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నేను బయటికి వచ్చేసరికి టైలరు బావ చింతగింజలు పేర్చడం అయిపోయింది. ఎప్పటిలాగే ఏడు గింజలు. కుడి మూలన ఒకటి ఉంది. మా మరిది గింజ దాని చోట ఉంది. మిగతావన్నీ నడుమ ఒకదానికొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. ఎడమ మూల సుద్దగీతల మధ్య నేల అట్లాగే ఉంది. మా మరిది గింజకు అటు పక్క పట్టుకోవడానికి చెయ్యి లేదు.

ఊరంతా చూసే ఆటలో ఆ మూల అట్లా తెరిచి పెడతారు. గుంపు పిల్లలు అటునుంచే వస్తారు. మా మరిది ఒక్కడే నిలబడి వాళ్ళను చూస్తుంటాడు, ఇటు వాళ్ళంతా ఎటో చూస్తుంటారు. వీళ్ళు ఓడిపోతారు, ఓడిపోయాక కూడా ఎందుకు ఓడిపోయారో ఒకరితో ఒకరు చెప్పుకోరు. అదంతా నా మొహం చూసే.

పళ్ళెం కింద పెట్టాను.

"కూతకు ఇద్దరిని తెచ్చి ఏం చేస్తరు బావా," అన్నాను. "ఎడమ మూల ఖాళీగుంది గదా. దానికి మనిషిని తెచ్చుకోండి."

నా గొంతు నాకే మామూలుగా వినిపించింది. ఉప్పు అయిపోయింది, తెండి అన్నట్టు.

టైలరు బావ కాసేపు గింజల వైపు చూశాడు. తర్వాత నడుమ నుంచి ఒక గింజను వేలితో నెట్టుకుంటూ ఎడమ మూలకు తీసుకుపోయి వదిలాడు.

"ఛాయ్ చల్లారుతుంది," అంది మా అత్త మంచంలోనుంచి. "తాగున్రి."

మా మరిది వేపపుల్ల పారేసి లేచాడు. "పాల్వంచ కాలనీల ఒక పిలగాడున్నడు," అన్నాడు. "ఎడమ మూలనే ఆడుతడు. మంచిగ ఆడుతడు."

"నీకు ఎప్పటిసంది తెలుసురా?" అన్నాడు టైలరు బావ.

"వానలు తగ్గినప్పటిసంది."

మా మరిది అప్పుడే కాయిన్ బాక్సు దగ్గరికి పోయి ఫోన్ చేసి వచ్చాడు.

పోటీల ముందు రోజు ఆ పిలగాడు వచ్చాడు. పిలగాడంటున్నాను గానీ పెళ్ళీడు మనిషే, షిఫ్టు దిగి నేరుగా బస్సెక్కి వచ్చాడు. బొగ్గు బూడిద ఇంకా చెవుల వెనక ఉంది. మా ఆయన వచ్చేటప్పుడు కూడా అక్కడే ఉండేది. నీళ్ళు పెట్టాను, అన్నం పెట్టాను. తల వంచుకుని తిన్నాడు. రెండోసారి పప్పు వేస్తుంటే అడిగాడు.

"అక్కా, అన్న ఏ కాలు ముందట పెట్టేటోడు?"

ఆ వానాకాలం నుంచి అందరూ నన్ను అడిగింది తిన్నావా, పడుకున్నావా అనే. ఆయన గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

"ఎడమది," అన్నాను. "కుడిది వెనక. మడమ లేపి ఉంచేటోడు. మొదటి కూతకు పట్టకపోయేది. రెండో కూతకు గూడ పట్టకపోయేది. వంగి, ఎటో చూస్తున్నట్టు ఉండేటోడు. వచ్చేటోడు ఈ మూల నిద్రపోతుంది అనుకోవాలె. అనుకుని ఒక అడుగు ఎక్కువ వేస్తడు గదా, అప్పుడు చీలమండ. మోకాలు పట్టొద్దు, జారుతది. చీలమండనే."

గరిటె పట్టుకుని అట్లాగే నిలబడి చెప్పాను. గీత దగ్గర ఎన్నేళ్ళు నిలబడి చూశానో అదంతా వచ్చింది. మా మరిది గుమ్మం దగ్గర వింటున్నాడు.

"గిదంతా నాకు తెల్వదు వదినా," అన్నాడు. "నేను చెయ్యి పట్టుకున్న, గంతే." తర్వాత ఆ పిలగాడితో అన్నాడు, "మొత్తం చెయ్యి పట్టకు. రెండు వేళ్ళే. పోవాల్నంటే వదిలిపెట్టొస్తది."

మరునాడు నేను పోనన్నాను. మా అత్త పొమ్మంది. "నువ్వు పోయి చూసొచ్చి నాకు చెప్పు. వాళ్ళు చెప్తే అన్నీ గొప్పలే," అంది. చర్చి వెనక జాగాలో కొబ్బరితాడు కట్టారు. తాడు పట్టుకుని ఆడవాళ్ళ వైపు నిలబడ్డాను. ఎప్పుడూ నిలబడే చోటే.

గుంపు పిల్లవాడు కూత పెట్టి వచ్చాడు. మా ఎడమ మూలన ఆ పిలగాడు వంగి ఎటో చూస్తున్నాడు. పట్టలేదు. ఆటో మరిది నా వెనకనుంచి, "గిట్లనా పట్టుడు, దీనికా బస్సు కిరాయి" అన్నాడు. రెండోసారి కూడా పట్టలేదు. మూడోసారి వచ్చినవాడు ఒక అడుగు ఎక్కువ వేశాడు. మా మరిది వేళ్ళు వదిలాయి. దుమ్ము లేచింది. దుమ్ము పోయాక చూస్తే వచ్చినవాడు నేల మీద ఉన్నాడు, వాడి చీలమండ రెండు చేతుల్లో ఉంది, మా మరిది పైన పడి ఉన్నాడు.

చుట్టూ అరిచారు. నేను అరవలేదు. సంతోషం వచ్చిందా అంటే చెప్పలేను. వేళ్ళు మండాయి. చూసుకుంటే కొబ్బరితాడును గట్టిగా పట్టుకుని ఉన్నాను, పత్తి గీతల్లోకి పీచు దిగింది. నాకు అప్పుడు తెలిసింది, అవి నొస్తాయని. వదలకుండా అట్లాగే పట్టుకుని ఆట చివరిదాకా చూశాను.

ఆ ఆట గెలిచాం. తర్వాతి ఆటలో ఇంకో గుంపు మీద ఓడిపోయాం. "చూసిన్రా, రైడర్లు లేక ఓడినం" అని ఆటో మరిది, "నడుమ లేక ఓడినం" అని టైలరు బావ ఇంటిదాకా కొట్లాడుకుంటూ వచ్చారు. మా అత్తకు ఆట మొత్తం చెప్పాను. మూడో కూత రెండుసార్లు చెప్పించుకుంది.

మరుసటి ఏడు పత్తి సగమయ్యాక, పిలవకుండానే మా అరుగు మీద కూర్చున్నారు. సుద్దగీతలు, చింతగింజలు. కుడి మూల అన్నారు, నడుమ అన్నారు, రైడరు అన్నారు. పాల్వంచ పిలగాడు వస్తున్నట్టు ముందే కబురు పంపాడు. ఎడమ మూల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను లోపల ఛాయ్ పెడుతూ అది గమనించాను, నీళ్ళు ఇంకో గ్లాసెడు పోశాను.

ఇంతే. చల్లగా ఇంటికి పోండి. మీ అరుగు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు, వచ్చేవాళ్ళకు అది చాలకుండా పోవాలి. మీ ఇంట్లో ఛాయ్ గిన్నె నిండా కాగుతూ ఉండాలి. మీవాళ్ళు కొట్లాడుకుంటే ఇట్లాంటి వాటికే కొట్లాడుకోవాలి, కొట్లాడుకుని మళ్ళీ ఆదివారం అక్కడికే రావాలి. దేవుడు మీ గడపను చల్లగా చూడాలి.