రెండో తీగ అందుకోని స్వరం

ఇన్నేళ్లుగా నా గొంతులో ఒక మాట ఇరుక్కుని ఉంది. పాడేటప్పుడు అడ్డురాదు. పాట అయిపోయి, మైకు పక్కన పెట్టినప్పుడే గుచ్చుకుంటుంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బందరులో మాకో ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లకీ రిసెప్షన్లకీ వెళ్లేవాళ్లం. నేను పాడేదాన్ని. గిటారు వాయించే నాగేశుది గిలకలదిండి, చేపల వేటకు వెళ్లే కుటుంబం. ప్రోగ్రాములు లేనప్పుడు తనూ బోటెక్కేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు.

అమెరికా పల్లెపాటల గిటారిస్టులను ఫోనులో చూసి, వాళ్లు గిటారుకు బిగించుకునే బెండర్ అనే పరికరం మీద మనసు పడ్డాడు. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే తన బావ చేత అలాంటిదే ఇత్తడితో చేయించుకున్నాడు. గిటారు బెల్టును ఒక మీటకు తగిలిస్తారు. గిటారు మెడను కాస్త కిందికి నొక్కితే ఆ మీట కదిలి రెండో తీగను లాగుతుంది. మిగతా తీగలు ఉన్నచోటే మోగుతుంటే, అదొక్కటే పై స్వరానికి జారుతూ లేస్తుంది. ఎక్కడ ఆగాలో చెప్పేది ఒక చిన్న స్క్రూ. దాన్ని కొంచెం బిగిస్తే చాలు, తీగ పై స్వరం అందుకోకముందే ఆగిపోతుంది.

ఆ మోత ఎలా ఉండేదని చెప్పను? మంచు కమ్మిన కాలవకు అవతలి ఒడ్డున ఎవరో పిలుస్తున్నట్టు, పలకబోయి మనం ఎవరమో మరిచిపోయినట్టు ఉండేది. అన్నాలు తింటున్నవాళ్లు కూడా చెయ్యి ఆపి వినేవారు. నేను చరణం ఎత్తుకోగానే మళ్లీ తినడం మొదలుపెట్టేవారు. అది నేను గమనించాను. గమనించి ఊరుకున్నానా? లేదు. ప్రతి ఊళ్లోనూ గమనించాను.

గుడివాడలో ఒక రిసెప్షన్‌కు సినిమాలకు సంగీతం చేసే ఒకాయన వస్తున్నారని తెలిసింది. పెళ్లికూతురికి మేనమామ. ఆయన చెవిన నా గొంతు పడాలని ఎంత ఆశపడ్డానో! సాయంత్రం అందరూ టిఫిన్లకు వెళ్లారు. స్టేజీ మీద గిటారు ఒక్కటే ఉంది, రంగుదీపాల వెలుగులో నిద్రపోతున్నట్టు. స్క్రూ తిప్పే కడ్డీ గిటారు పెట్టెలోనే ఉంది. నా చెయ్యి వెళ్లింది. చెయ్యి వెళ్లింది అంటున్నాను, చూశారా? నేనే వెళ్లాను. నేనే బిగించాను.

మొదటి పాటలోనే తీగ లేచి, వెంట్రుకవాసి కింద ఆగింది. నాగేశు మొహం మారిపోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు. తర్వాత ఆ మీట జోలికే పోకుండా, మామూలుగా వాయించి ముగించాడు. ఆ పెద్దాయన ‘బాగా పాడారమ్మా’ అని ఐస్‌క్రీం కప్పుతో వెళ్లిపోయారు. అంతే. స్పీకర్లు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు, ఎవరూ చూడకుండా స్క్రూను మళ్లీ యథాస్థానానికి తిప్పేశాను.

వ్యాను పెడన దాటాక నాగేశు నా వైపు వంగాడు.

“అక్కా, నిజం చెప్పు. నా రెండో తీగ తక్కువ పలికిందా?”

“లేదే. నాకు బాగానే వినపడిందిరా.”

నిజానికి అసలు తప్పు ఇదేనేమో. స్క్రూ తిప్పింది అసూయ. ఈ మాట అన్నది మాత్రం నిదానంగా, ఆలోచించుకుని అన్నాను. నాగేశు ఇంటికెళ్లి, ఫోనులో స్వరం సరిచూసే ట్యూనర్ పెట్టి చూసుకుంటే అంతా సరిగ్గానే ఉందట. వాళ్ల నాన్నకు బోటు ఇంజను మోతకే చెవుడు వచ్చింది. తనకూ మొదలైందనుకున్నాడు. ఏ స్వరాన్నీ నమ్మలేకపోయాడు. ప్రోగ్రాములు మానేశాడు. గిటారు ఎవరికో ఇచ్చేశాడని విన్నాను. విని, ఆ రోజు కూడా పాడటానికి వెళ్లాను.

మొన్న నాగాయలంకలో ప్రోగ్రాం ఉంటే, రేవు దగ్గర కనిపించాడు. జుట్టు నెరిసింది. పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడు. ఆ మోతలో ఎలా ఉంటున్నావని అడిగాను.

“నాకేంటక్కా, ఈ చెవుల్లో కొత్తగా పాడయ్యేదేముంది?” అని నవ్వాడు.

నది అక్కడ చాలా వెడల్పు. ఎండ నీళ్లలో కరిగిపోయి, అవతలి గట్టు ఉందో లేదో తెలియకుండా ఉంది. నాకు కలలో మాట్లాడుతున్నట్టే అనిపించింది. మొత్తం చెప్పేశాను. గుడివాడ, స్క్రూ, వ్యాన్‌లో ఆడిన అబద్ధం.

చేతిలో గుడ్డతో వేళ్ల సందుల్లో నూనె తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“బిగించావా, వదులు చేశావా?” అని అడిగాడు.

“బిగించాను.”

“అయితే తక్కువే పలికింది.”

“అవును.”

“అంటే నేను విన్నది నిజమే.”

ఆ మాట నాతో అనలేదు. నీళ్ల వైపు చూస్తూ, తనలో తను అనుకున్నాడు. తర్వాత పడవలోకి దిగి, ఇంజను మూత తెరిచి, నాకు వీపు పెట్టి పని చేసుకోసాగాడు. అక్కా అని మళ్లీ పిలవలేదు. నేనూ క్షమించమని అడగలేదు. అడిగే హక్కు ఏ మూల మిగిలింది?

అయినా ఆ సాయంత్రం పాట ముగించి మైకు పక్కన పెట్టినప్పుడు, చాలా కాలానికి, ఊపిరి లోపలిదాకా వెళ్లింది.