బల్లమీద దొరికింది

మా చిన్న బాబాయి హోటల్లో సర్వర్. పెళ్లికి ముందునుంచీ అదే పని. ఆయన తెచ్చే టిప్పులంటే మాత్రం పిన్నికి ఒళ్లుమంట.

"చెయ్యి చాచి తెచ్చిన డబ్బు నాకొద్దు."

"చాచలేదే బాబూ! ప్లేట్లు తీస్తుంటే బల్లమీద దొరికింది" అనేవాడు బాబాయి.

ఆ దొరికిన దాంతోనే కూతురి చదువు గడిచిందని ఇద్దరికీ తెలుసు కాబట్టి గొడవ అక్కడితో ఆగేది.

ఆ కూతురు తన ఆఫీసులో ఒకబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయి తండ్రి బ్యాంకు మేనేజరు. "ముందు అంతా కలిసి ఒకసారి ఏదైనా మంచి హోటల్లో భోంచేద్దాం, ఆ తర్వాత చెప్తాను" అన్నాడాయన. ఆ 'తర్వాత' మీదే మా చెల్లెలి ప్రాణమంతా. పెద్దమనిషి తరహాగా ఉంటానని నన్నూ లాక్కెళ్లారు.

"నాన్నా, ఇవాళ నువ్వు కస్టమర్‌వి. ప్లేట్లెత్తకు, బల్ల తుడవకు. నీకు పుణ్యముంటుంది, ఊరికే కూర్చో" అని దారంతా బతిమాలింది చెల్లెలు.

కూర్చున్నాడు పాపం. ఎవరి గ్లాసు ఖాళీ అయినా ఆయన చెయ్యి జగ్గు వైపు పోయేది. చెల్లెలు బల్లకింద కాలు తొక్కేది. రెండుసార్లు నాదే తొక్కింది.

బిల్లొచ్చింది. "మామూలుగా నేను టిప్పివ్వనండీ" అన్నాడు బ్యాంకాయన. "లోన్ ఇస్తే నాకెవరైనా టిప్పిస్తున్నారా?"

"మీకిస్తే లంచమంటారండీ" అన్నాడు బాబాయి వినయంగా.

బ్యాంకాయన నవ్వలేదు. బిల్లు కట్టేసి, ఒక నోటు టిప్పుగా పళ్లెంలో పెట్టి లేచాడు. అందరం లేచాం. బాబాయి ఎడంచేత్తో పళ్లెం ఎత్తి, నోటు మడిచి జేబులో వేసుకుని, నడుం కాస్త వంచి, "మంచిదండీ, మళ్లీ రండి!" అన్నాడు.

పిన్ని కళ్లు మూసుకుంది. చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అసలు సర్వర్ అక్కడే నిలబడి చూస్తున్నాడు. బాబాయి తేరుకుని, ఆ నోటుకు తనదొకటి కలిపి అతని చేతిలో పెట్టాడు. "ఏమనుకోకు తమ్ముడూ, అలవాటు."

అది చూసి బ్యాంకాయన భార్య కిసుక్కున నవ్వింది. "ఈయన మాత్రం తక్కువ తిన్నారా? ఇంట్లో నేను డబ్బులడిగినా 'రేపు రండమ్మా' అంటారు!"

బ్యాంకాయన గొంతు సవరించుకున్నాడు. "మళ్లీ రమ్మన్నారుగా. ఆదివారం మీ ఇంటికే వస్తాం, బావగారూ."

ఆ 'బావగారూ' వినగానే చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆదివారం వచ్చారు, ముహూర్తం మాట్లాడుకుని వెళ్లారు. పిన్ని కంచాలు తీస్తుంటే వియ్యంకుడి కంచం కింద మడిచిన నోటు కనిపించింది. బాబాయి పకపకా నవ్వుతూ చెయ్యి చాచాడు.

పిన్ని దాన్ని కొంగున ముడేసుకుంది. "చాచకండి. కంచాలు తీసింది నేను."