గురువారం నాటి మొదటి కుర్చీ

మా చర్చిలో ఎవరు పెద్దో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. ఈస్టరుకు ముందు గురువారం సాయంత్రం వచ్చి కుర్చీల వరుస చూస్తే చాలు. ఆ రోజు అయ్యగారు, అంటే మా పాస్టరు, నడుముకు తువ్వాలు చుట్టుకుని పన్నెండు మంది మగవాళ్ళ కాళ్ళు కడుగుతారు. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు కాబట్టి, పెద్ద అనేవాడు వంగాలని దానికి అర్థం. మైదుకూరు దాటి మా ఊరు చేరేసరికి ఆ అర్థం కొంచెం మారింది. మా వాళ్ళు వంగినవాణ్ణి చూడరు. కూర్చున్నది ఎవరో చూస్తారు.

పన్నెండింటిలో మొదటి కుర్చీ అప్పట్లో మా నాయనది. చర్చికి రేకుల కప్పు ఉన్నప్పటి నుంచీ ఆయనదే. అందులో కూర్చున్నవాడే పెళ్ళిళ్ళలో ముందు మైకు పట్టుకుంటాడు, తగాదాలకు తీర్పు చెబుతాడు, ప్రేమవిందులో, అంటే చర్చిలో అందరూ కలిసి తినే భోజనాల్లో, గరిటె ముట్టకుండానే బిర్యానీ అందరికీ అందిందా అని విచారిస్తాడు. రెండో కుర్చీ నాపరాళ్ళ ఫ్యాక్టరీ ఉన్న పెద్దమనిషిది. చర్చి నేలంతా ఆయన పరిపించిన రాళ్ళే. తన రాళ్ళ మీద ఇంకొకరి కుర్చీ తనకంటే ముందుండటం ఆయనకు ఎట్లా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

కాళ్ళు కడిగించుకోబోయేవాళ్ళు ఆ రోజు పొద్దున్నుంచీ కాళ్ళు కడుక్కుంటూనే ఉంటారు. ఎండాకాలం, ట్యాంకరు నీళ్ళు. ఆడవాళ్ళు బిందెలతో ట్యాంకరు దగ్గర కొట్లాడుతుంటే, శిష్యులు అరుగుల మీద కూర్చుని మడమలు రాయితో తోముకుంటారు. ఒకాయన మైదుకూరు పోయి గోళ్ళు కత్తిరించుకొచ్చాడని కూడా విన్నాను. అయ్యగారి చేతికి చిటికెడు మట్టి అంటిన సంవత్సరం ఒక్కటీ నాకు గుర్తు లేదు.

మొన్నామధ్య ఒక ఈస్టరుకు సెలవు పెట్టి నేను కడప నుంచి ఇంటికి వచ్చాను. అప్పటికే నాయన ఎడమ కాలికి కట్టు ఉంది. షుగరు పుండు, మానడం లేదు. రోజూ పొద్దున అమ్మ నీళ్ళు కాచి చల్లార్చి, కింద కూర్చుని, పుండు కడిగి, మందు రాసి కట్టు కట్టేది. ఆ సేపంతా ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండేవాడు, ఆ కాలు ఎవరిదో అన్నట్టు.

బుధవారం నాపరాళ్ళ పెద్దమనిషి పరామర్శకు వచ్చాడు.

"అన్నకు శానా కష్టమైతాంది. ఈ తడవకు రెస్టు తీసుకోండి" అన్నాడు, ఎంతో ప్రేమగా.

"రెస్టు ఎందుకప్పా?" అన్నాడు నాయన. "ఆడ చేసేది కూచ్చోవడమే కదా!"

ఆయన వెళ్ళిపోయాక నాయన తన ఉపాయం చెప్పాడు. కుడికాలు ఒక్కటే ముందుకు పెడతాడట. ఎడమకాలు పంచె కింద దాచుకుంటాడట. "ప్రభువు రెండు కాళ్ళూ కడిగినాడని యాడ రాసి ఉండాది?" అని నన్నే అడిగాడు. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కానీ పనికి పోలేక ఇంట్లోనే ఉండిపోయిన మనిషికి ఆ కుర్చీ కూడా పోతే ఇంకేం మిగులుతుందని భయం వేసి, నోరు మూసుకున్నాను. 

గురువారం సాయంత్రం చర్చి నిండింది. మా అయ్యగారు కుర్రవాడు. కర్నూలులో నాయకత్వ శిక్షణకు పోయి, కొత్త బ్యాగుతో, మంచి నాయకుడి ఏడు లక్షణాలతో తిరిగి వచ్చాడు. కాలరుకు చిన్న మైకు తగిలించుకున్నాడు. ఆయన మాటలు చర్చి మీది స్పీకరులోంచి ఊరంతా వినిపిస్తున్నాయి. తువ్వాలు చుట్టుకుని మొదటి కుర్చీ ముందు మోకరించాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

కుడికాలు కడగడం అయింది. అయ్యగారు రెండో కాలి కోసం చేయి చాచాడు. నాయన కదల్లేదు. "అది వద్దులే అయ్యగారూ" అని గొణిగితే, అది కూడా స్పీకరులో వినబడింది. ప్రభువు కాళ్ళు కడగబోతే శిష్యుడు పేతురు కూడా ఇట్లాగే వద్దన్నాడని గుర్తొచ్చిందేమో, అయ్యగారు ఉత్సాహంగా పంచె అంచు జరిపాడు. కట్టు కనబడింది. ఆయన చేయి గాలిలోనే ఆగిపోయింది. అది అందరూ చూశారు.

నా పక్కన చాప మీద కూర్చున్న అమ్మ లేచి, ముసుగు సర్దుకుని, నేరుగా ముందుకు నడిచింది.

"ఆ కాలు తడపొద్దయ్యా. పొద్దున్నే కడిగి కట్టు కట్టినా. మళ్ళా నీళ్ళు తగిల్తే చీము పడ్తాది."

"రోజూ మీరే కడుగుతారామ్మా?" అన్నాడు అయ్యగారు, ఏమనాలో తోచక.

"ఇంగెవురు కడుగుతారు?"

ఆ మాట ఊరంతా విన్నది. ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. నాయన ముఖం నల్లబడింది. కర్ర పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు.

"కూచ్చోమ్మే" అన్నాడు అమ్మతో, కుర్చీ చూపిస్తూ.

"నా కాళ్ళు నేను కడుక్కోగల్నులే" అని అమ్మ వచ్చి మళ్ళీ చాప మీద కూర్చుంది. నాయన తిరిగి కుర్చీలో కూర్చోలేదు. వెనక్కి పోయి గోడ వారగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇంత జరిగాక అయ్యగారు ప్రసంగం తగ్గిస్తాడేమో అనుకున్నాను. లేదు, మిగతావాళ్ళ శుభ్రమైన కాళ్ళు కడిగి, ఏడు లక్షణాలూ ఒక్కటి వదలకుండా చెప్పాడు. నాలుగో లక్షణం దగ్గర, అది వినయమో త్యాగమో, నాపరాళ్ళ పెద్దమనిషి చప్పుడు కాకుండా పక్కకు జరిగి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పటికీ ఆయనే పెద్ద.

మరుసటి రోజు పొద్దున ఎప్పటిలాగే అమ్మ కాచిన నీళ్ళు తెచ్చి కింద కూర్చుంది. క్యాలెండరు అక్కడే ఉంది. నాయన దాని వైపు చూడలేదు. వంగి ఉన్న అమ్మ తలనే చాలాసేపు చూశాడు.

"ఇంగ చాల్లేమ్మే. నడుము నొస్తాది నీకు."

అమ్మ తల ఎత్తలేదు. కట్టు ముడి వేస్తూనే అంది.

"శానా దినాల నుంచే నొస్తాండాది."