బుర్మాకాన్ తెల్లగుర్రం

మామగారి కర్మ విందుకు తెల్ల ఆడగుర్రాన్ని కోస్తానని బావగారు కల్మత్ కత్తి పట్టుకొచ్చాడు. బుర్మాకాన్ అడ్డం తిరిగింది. అది పెళ్ళినాడు వాళ్ళమ్మ ఆమె వెంట పంపిన గుర్రం.

"మనిషి ఈ ఇంటిదైతే గుర్రమూ ఈ ఇంటిదే," అన్నాడు కల్మత్.

"అలాగే బావగారూ. ముందు దీని కుమిస్ తాగండి."

పులిసిన గుర్రప్పాలు అక్కడ చేరిన మగాళ్ళందరికీ తలో గిన్నె పోసింది. ఇచ్చిన కుమిస్‌ను మా కొండల్లో ఎవడు కాదంటాడు? గడగడా తాగారు.

"ఇక ఆ మూతులు తుడుచుకోకుండానే దాని గొంతు కొయ్యండి!" అంది.

ఒక్కడూ తలెత్తలేదు. మొదటి గిన్నె అందుకున్న ఆమె మొగుడు సపరాలీ మాత్రం లేచి, "దాని మీద చెయ్యి పడితే ముందు నన్ను కొయ్యాలి," అని భార్య పక్కన నిలబడ్డాడు. పక్క గుడారం దాన్ని, నేనూ అక్కడే ఉన్నాను. కల్మత్ ఏడుపుమొహంతో సొంత గుర్రాన్నే కోసుకున్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది బుర్మాకాన్. మొగుడి బద్ధకం గురించి ఎవరెత్తినా, "పోనివ్వండి, ఆ రోజు నా పక్కన నిలబడ్డాడు," అనేది.

ఎండాకాలం మేతకొండ మీద గుర్రప్పిల్లల్ని పొద్దున్నే తాడుకు కట్టేస్తాం, తల్లులు దూరం పోకుండా. రెండేసి గంటలకోసారి పిల్లను నాలుగు గుక్కలు తాగనిచ్చి, పాలు దిగగానే పితకాలి. మరిచామా, పొదుగు గడ్డకడుతుంది, పిల్ల ఎండకు సోలిపోతుంది.

ఈ ఏడు పంటినొప్పితో బుర్మాకాన్ దవడ వాచింది. ఊళ్ళోకి దిగక తప్పలేదు. సపరాలీ రొట్టె చేత్తో పట్టుకుని ఒట్టేశాడు.

"వేళ తప్పనివ్వను. నువ్వెళ్ళిరా."

గుడారంలో సోలార్ పలకతో నడిచే కంప్యూటరుంది అతగాడికి. అందులో ట్యాంకుల యుద్ధం. పిల్లలకు బుద్ధి చెప్పాల్సిన వయసులో ఏ దేశాన్ని జయించాలో!

పొద్దు వాలుతుండగా ఆమె కొండెక్కింది. గుర్రాల సకిలింపులు దూరానికే వినపడ్డాయి. గుడారంలో సపరాలీ తెర మీదికి వంగి ఉన్నాడు. పక్కన పొద్దుటి టీ మీగడ కట్టి ఉంది. ఒట్టేసిన రొట్టె తుంచనైనా లేదు.

"అప్పుడే వచ్చేశావేం? బండి తప్పిందా?" అన్నాడు తల తిప్పకుండా.

"పొద్దుగూకుతోంది."

అప్పుడు చూశాడు తలుపు వైపు. మొహం పాలిపోయింది.

"గుర్రాల్ని పితికావా?" అంది.

"పితక్కేం! పాలు కుమిస్ తిత్తిలో పోశాను."

ఆమె పొద్దున కడిగి బోర్లించిన బకెట్టు బోర్లించినట్టే ఉంది. బయటికి నడిచింది. తెల్లగుర్రం పొదుగు రాయిలా ఉంది. చెయ్యి వెయ్యగానే, ఎన్నడూ లేనిది, తన్నబోయింది. పిండితే పచ్చటి గడ్డలు. తాడు చివర పిల్ల మెడ చాచి పడుకుని ఉంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని అరచేత్తో నీళ్ళు పట్టింది. బతికింది.

మర్నాడు తల్లినీ పిల్లనీ తోలుకుని నా గుడారానికొచ్చింది. వాచిన దవడతోనే మాట్లాడింది.

"ఆ ఆట ఆడినందుకు కాదు నా కోపం, పెద్దమ్మా. మనిషన్నాక వేళ తెలియకపోవచ్చు. నా కళ్ళలోకి చూస్తూ పితికానన్నాడు. ఏ గుర్రం గురించి? ఈ గుర్రం గురించి!"

టీ ఇస్తే తాగలేదు.

"దీన్ని మీ తాడుకు కట్టుకోండి. పొదుగు మెత్తబడి పాలు తిరిగొస్తే కుమిస్ మీరే పెట్టండి. ఆయన వస్తాడు, నాకు తెలుసు. కూర్చోబెట్టండి, రొట్టె పెట్టండి, టీ పొయ్యండి. దీని కుమిస్ మాత్రం ఒక్క గిన్నె కూడా పొయ్యకండి."